ఆపరేషన్ తర్వాత దాగి ఉండే క్యాన్సర్ కణాలు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకోవడానికి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికో, నిమ్స్‌కో జిల్లాల నుంచి వచ్చేవారి ఇంటివాళ్లకు బయాప్సీ రిపోర్టు అందగానే కలిగే మొదటి సందేహం, ‘మొత్తం తీసేసినట్టేనా?’ అన్నది. కోసిన అంచుల్లో గానీ, లింఫ్ గ్రంథుల్లో గానీ క్యాన్సర్ లేదని రిపోర్టు చెప్పినా, రెండో దశ (లింఫ్ గ్రంథులకు ఇంకా పాకని దశ) రోగుల్లో కొందరికి కొంతకాలానికి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో వ్యాధి బయటపడుతుంది.

అలాగని రిపోర్టు తప్పనలేం. పేగుతో పాటు తీసిన కొవ్వును వేళ్లతో తడిమి, కనీసం 12 లింఫ్ గ్రంథులు వెతికి పట్టుకుని, ఒక్కోదాని నుంచి మిల్లీమీటరులో కొన్ని వేలవంతుల మందం మాత్రమే ఉండే పొరలు కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. 0.2 మిల్లీమీటర్లకన్నా చిన్న కణాల గుంపు ఆ పొరలోకి రాకపోతే ఎంతటి నిపుణుడికైనా కనిపించదు. పైగా ఆపరేషన్‌కు ముందే రక్తంలో కలిసి కాలేయం చేరిన కణాల జాడ గ్రంథుల్లో ఉండకపోవచ్చు.

చనిపోయే క్యాన్సర్ కణాల నుంచి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి వస్తాయి. అవి గంటల్లోనే చాలావరకు నశిస్తాయి కనుక, ఆపరేషన్ జరిగిన నాలుగైదు వారాలకు కూడా ఆ కణితి తాలూకు మార్పులున్న డీఎన్‌ఏ కనబడితే, దాన్ని విడుదల చేసే కణాలు ఒంట్లో ఇంకా ఉన్నాయనే అర్థం. 2016లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, కీమో తీసుకోని రెండో దశ రోగుల్లో ఈ డీఎన్‌ఏ కనిపించిన 14 మందిలో 11 మందికి వ్యాధి తిరగబెట్టగా, కనిపించని 164 మందిలో 16 మందికే తిరగబెట్టింది.

నా దృష్టిలో ఈ డీఎన్‌ఏను వెతికే రక్తపరీక్షతో కలిగే పెద్ద మేలు, అవసరం లేని కీమోను తప్పించడం. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవారికి ఫ్రిజ్‌లోని సీసా పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. కొందరిలో తిమ్మిరి ఏళ్ల తరబడి పోదు. 455 మందితో జరిపి 2022లో ప్రకటించిన ‘డైనమిక్’ అనే పరిశోధనలో, కీమో ఇవ్వాలా వద్దా అన్నది ఈ రక్తపరీక్షను బట్టి నిర్ణయించిన వర్గంలో 15 శాతం మందికి, మామూలు పద్ధతి పాటించిన వర్గంలో 28 శాతం మందికి కీమో ఇచ్చారు. అయినా రెండేళ్లపాటు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు వరుసగా 93.5, 92.4 శాతం, అంటే దాదాపు సమానం.

అయితే డీఎన్‌ఏ కనబడలేదన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండిపోకూడదు. ఊపిరితిత్తుల్లోనూ, పొత్తికడుపు లోపలి గోడను కప్పే పొర మీదా ఉండే చిన్న క్యాన్సర్ మచ్చలు రక్తంలోకి చాలా తక్కువ డీఎన్‌ఏను వదులుతాయి. అందుకే ఫలితం ఏదైనా, మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారిలో తరచూ పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన గడువుల్లో సీటీ స్కాన్, ఆపరేషన్ జరిగిన ఏడాదికి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) తప్పనిసరిగా చేయించుకోవాలి.