పన్నెండో వారం రక్తపరీక్షపై వాదన ఎక్కడ మొదలైంది?

మూడో నెలలో తీసిన రక్తంతో ఏడో నెలలో రాబోయే ప్రీఎక్లాంప్సియాను పసిగట్టే పరీక్షను 2024లో అమెరికాలో ఒక పెద్ద ల్యాబ్ సంస్థ అందుబాటులోకి తెచ్చింది. ఇలాంటి పరీక్ష గర్భిణులందరికీ అవసరమా, పాత కాన్పుల వంటి వివరాలు అడిగితే చాలదా అన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. ప్రీఎక్లాంప్సియా అంటే గర్భంలో బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్‌కు ముందు మెట్టు ఈ జబ్బే. బీపీ, కాళ్ల వాపుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా 2017కు వెళ్దాం.

ఆ ఏడాది లండన్‌కు చెందిన వైద్యుడు నికొలాయిడిస్ బృందం ‘ఆస్ప్రే’ అనే అధ్యయనం ఫలితాలు ప్రకటించింది. 11–13 వారాల గర్భిణులకు రెండు చేతులకూ బీపీ చూశారు. గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహాన్ని డాప్లర్ స్కాన్‌తో కొలిచారు. రక్తంలో పీఎల్‌జీఎఫ్, పాప్-ఎ అనే మాయ (ప్లాసెంటా) ప్రోటీన్లు చూశారు. ముప్పు ఎక్కువని తేలినవారిలో సగంమందికి రోజూ రాత్రి 150 మి.గ్రా. ఆస్ప్రిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 37 వారాల లోపే జబ్బు వచ్చినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం, ఆస్ప్రిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం. ముందే తెలిస్తే చేయగలిగింది ఒకటుందని అప్పుడు గట్టిగా రుజువైంది.

అంతకుముందు, 2003లో బోస్టన్‌లో పరిశోధకుడు కరుమంచి బృందం మాయ నుంచి వచ్చే ఎస్‌ఫ్లిట్-1 ప్రోటీన్‌ను పట్టుకుంది. ఎలుకల్లో దాన్ని పెంచితే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది. మాయ ఎదుగుదలకు కావాల్సిన పీఎల్‌జీఎఫ్‌ను అది కట్టిపడేస్తుంది. అయితే ఎస్‌ఫ్లిట్-1 బాగా పెరిగేది జబ్బు బయటపడటానికి సుమారు ఐదు వారాల ముందు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తి చూసే పరీక్షనే. అది 23 వారాలు దాటి బీపీతో ఆస్పత్రిలో చేరినవారికి. దాన్నీ పన్నెండో వారం పరీక్షనూ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళమంతా.

అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మూడో నెల పరీక్షను సిఫార్సు చేయడం లేదు. పాత కాన్పుల వివరాలు, షుగరు, కవలలు వంటివి అడిగి 81 మి.గ్రా. ఆస్ప్రిన్ ఇస్తే చాలంటుంది. పాజిటివ్ వచ్చిన చాలామందికి జబ్బు రాదన్నది వ్యతిరేకించేవారి మాట. అది నిజమే.

కానీ తొలిచూలు ఆమెను అడగడానికి పాత కాన్పు ఏది? 2018లో బ్రిటన్‌లో దాదాపు 17 వేలమందిపై రెండు పద్ధతులనూ పోల్చారు. నెలలు నిండకముందే జబ్బు వచ్చినవారిలో ప్రశ్నల జాబితా పట్టింది 41 శాతాన్ని. బీపీ, డాప్లర్, పీఎల్‌జీఎఫ్ కలిపితే 82 శాతం. పైగా జాబితా ప్రకారం ఆస్ప్రిన్ వాడాల్సినవారిలో నిజంగా వాడినవారు నాలుగో వంతు కూడా లేరు.