ఆఫీసు ఔటింగులు, పండుగలు: అపోహలు - వాస్తవాలు

మార్చి లెక్కలు ముగిసి కొత్త బడ్జెట్ చేతికి రాగానే హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న: "ఈసారి ఔటింగ్ ఎక్కడికి?" ఆ ఏర్పాట్లు చూసే హెచ్‌ఆర్‌లో ఉన్నదాన్ని కాబట్టి, ఏటా వినే మాటలకు ఇక్కడ ఒకేసారి జవాబు రాస్తున్నా.

అపోహ: ఔటింగ్ ఆఫీసు కాదు, అక్కడ ఆఫీసు రూల్సేమిటి?

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం దృష్టిలో పనిచోటు అంటే ఆఫీసు నాలుగు గోడలే కాదు. ఉద్యోగరీత్యా వెళ్లిన ఏ చోటైనా, కంపెనీ పెట్టిన బస్సుతో సహా, దాని కిందికే వస్తుంది. బస్సులో అంత్యాక్షరి పేరుతో విసిరే డబుల్ మీనింగ్ జోకులు, రెయిన్ డాన్స్‌లోకి వద్దంటున్నా చేయిపట్టి లాగడం, పూల్ దగ్గర తీసిన ఫొటోలు అడక్కుండా వాట్సాప్ గ్రూపులో పెట్టడం... ఇవన్నీ ఫిర్యాదు దాకా వెళ్లగలవు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆఫీసు అంతర్గత కమిటీకి రాసివ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. బస్సు టైమింగులు చెప్పే మెయిల్లోనే కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లూ పెడతాను. "మూడ్ పాడుచేస్తున్నారు మేడమ్" అంటారు కొందరు. పెట్టడం మాత్రం మానలేదు.

అపోహ: మందు లేకపోతే ఎవరూ రారు.

రానివాళ్లను విడిగా అడిగి చూడండి. తిరిగి ఇంటికి ఎన్నింటికి చేరతామన్నదే ఎక్కువమంది బెంగ. పసిపిల్లల తల్లులు, రాత్రి గేటు వేసేసే హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు, అమ్మానాన్నల మందులూ మాకులూ చూసుకోవాల్సినవాళ్లు "డీజే నైట్" అన్న మాట చూడగానే ఆ మెయిల్ పక్కన పెట్టేస్తారు. పొద్దున్నే బయల్దేరి సాయంత్రం ఆరింటికల్లా బస్సు వెనక్కి తిరుగుతుందంటే వాళ్లూ వస్తారు.

ఇక మందు సంగతి. బార్ లైసెన్సున్న రిసార్టు అయితే ఆ తంటా వాళ్లది. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ మాట్లాడుకుని సీసాలు మనమే పట్టుకెళితే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం పోయకూడదు. డిగ్రీ చదువుతున్న ఇంటర్న్‌లు టీములో ఉంటారన్నది మేనేజర్లకు గుర్తుండదు. బండి నడిపేవాళ్ల 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే, మొదటిసారి పట్టుబడినా ఆరు నెలల వరకు జైలో, 10,000 రూపాయల జరిమానానో, రెండూనో. అందుకే సొంత బండ్లు వద్దని ముందే చెప్పి, అందరినీ బస్సులోనే తీసుకెళ్లాలి.

అపోహ: సమ్మర్ ఔటింగ్ మే నెలలోనే జరగాలి.

షామీర్‌పేట అయినా చేవెళ్ల అయినా మే ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మిట్టమధ్యాహ్నం లాన్‌లో తాడాట ఆడించి వడదెబ్బ తెప్పించడం ఏం సరదా? ఒక్క వాన పడ్డాక అనంతగిరి కొండలు ఎంత పచ్చగా ఉంటాయో వికారాబాద్ వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. అయితే వానాకాలంలో నీళ్ల దగ్గర జాగ్రత్త. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీదున్నప్పుడు పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల మంది చనిపోయారు. బోటు ట్రిప్ పెడితే అనుమతి ఉందా, వరద హెచ్చరిక ఉందా అని ముందు అడగాలి. లైఫ్ జాకెట్లు ఉంటే చాలదు, దిగేదాకా ఒంటిమీదే ఉండాలి. ఫొటో కోసం విప్పుతారు, అక్కడే వస్తుంది చిక్కు.

అపోహ: బతుకమ్మ, ముగ్గుల పోటీ ఆడవాళ్లే చూసుకుంటారు.

చూసుకుంటారు, తమ పని మిగిలిపోయి రాత్రి కూర్చుని పూర్తిచేసుకుంటూ. తంగేడు, గునుగు తేవడం, పేర్చడం, ప్రసాదం వండి తేవడం అన్నీ వాళ్ల నెత్తినే వేసి, ఆ రోజు డెడ్‌లైన్ మాత్రం కదపరు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి పూలు కంపెనీ డబ్బుతో తెప్పించండి. పేర్చే టీములో మగవాళ్ల పేర్లూ రాయండి. చీర కట్టుకోనివాళ్లను "ఏంటి ఇవాళ కూడా ఇలాగే వచ్చారు" అని అడక్కండి.

అపోహ: బోనస్ అంటే యజమాని పండుగకిచ్చే కానుక.

కాదు. బోనస్ చట్టం వర్తించే సంస్థల్లో, వేతన పరిమితిలోపు ఉండి ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసినవాళ్లకు 8.33 శాతం కనీస బోనస్ హక్కు; గరిష్ఠం 20 శాతం. 1965 బోనస్ చట్టంలోని ఈ లెక్కే దాని స్థానంలో తెచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. స్వీట్ బాక్సు ఇచ్చి బోనస్ ఖాతాలో రాసుకోవడం కుదరదు.

అపోహ: సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ల పండుగ ఏజెన్సీ చూసుకుంటుంది.

జీతం ఏజెన్సీ ఇస్తుంది, నిజమే. దీపావళి స్వీట్ బాక్సు మనం ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. కాకపోతే బాక్సుల లెక్క పేరోల్ నుంచి తీస్తే వీళ్లు అందులో కనబడరు. గేటు రిజిస్టరు చూసి తీయండి. పంపకం పగలే అయిపోతుంది కాబట్టి, నైట్ షిఫ్ట్ గార్డుల బాక్సుల మీద పేర్లు రాసి రిసెప్షన్‌లో విడిగా పెట్టించండి.