తిరుమల వరాహం, భూమి వయసు: సృష్టి కథల నేపథ్యం

"భూమి వయసెంతో మన పురాణాలు ఎప్పుడో చెప్పేశాయి" అనే మాట తిరుపతిలో తరచూ వింటాం. "అవన్నీ కట్టుకథలు" అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఆ కథలు ఎందుకు పుట్టాయో ఇద్దరూ అడగరు. నన్ను బాధపెట్టేది అదే.

తిరుమలకు ఆదివరాహ క్షేత్రమని పేరు. పుష్కరిణి ఒడ్డున వరాహస్వామిని చూశాకే శ్రీవారి దర్శనానికి వెళ్లాలని ఆచారం. నైవేద్యం కూడా ముందు ఆయనకే. భూమిని నీళ్లలోంచి పైకెత్తిన ఈ వరాహం కథ పురాణాలకన్నా చాలా పాతది. కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత ప్రకారం మొదట ఉన్నవి నీళ్లే. ప్రజాపతి వాటి మీద గాలిలా తిరుగుతూ భూమిని చూస్తాడు, వరాహమై పైకి తెస్తాడు, తడి తుడుస్తాడు. అప్పుడది పరుచుకుని పృథివి అవుతుంది. అందులో విష్ణువు లేడు, హిరణ్యాక్షుడూ లేడు. వాళ్లు తర్వాత వచ్చి చేరారు.

గ్రామదేవతల కథల్లో ఇంకో జవాబు ఉంది. అమ్మవారు మూడు గుడ్లు పెట్టింది. ఒకటి మురిగిపోయింది, ఒకదాన్నిండా గాలే. మూడోది పగిలి త్రిమూర్తులు పుట్టారు. పెంకులో కింది సగం భూమి, పై సగం ఆకాశం. కోళ్లు పొదగడం రోజూ చూసే మనుషుల ఊహ ఇది. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం ఏ కథా చెప్పదు. పైనుంచి చూసేవాడికైనా ఈ సృష్టి ఎలా పుట్టిందో తెలుసో, తెలియదో అంటూ ముగుస్తుంది.

ఇక లెక్కల సంగతి. పూజ సంకల్పంలో వినే శ్వేతవరాహ కల్పం 432 కోట్ల ఏళ్లు. అంటే 43.2 లక్షల ఏళ్ల మహాయుగాలు వెయ్యి. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్ 1956లో ఉల్కల్లోని సీసాన్ని కొలిచి తేల్చారు. అంకెలు దగ్గరగా కనిపిస్తాయి. కానీ కల్పమంటే బ్రహ్మకు ఒక పగలు. అందులో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లేనని మన పంచాంగాల లెక్కే చెబుతోంది.

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన రాతి అంచు ఒకటుంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా. ఆ కాలానికి చెందిన రాయి అక్కడ లేదు. భూవిజ్ఞానులు దాన్ని ఖాళీగానే నమోదు చేశారు.