యాసంగి వడ్లు ఎందుకు నూకవుతాయి?

ఒక వడ్ల గింజకు గోరుతో పొట్టు ఒలిచి, ఫోన్ టార్చ్ మీద పెట్టి చూడండి. పోయిన ఏప్రిల్ ఆఖర్లో పరకాల దగ్గర మా పెద్దబాపు కల్లంలో నేను చేసిన పని అదే. పది గింజలు చూస్తే నాలుగింటికి అడ్డంగా వెంట్రుకంత సన్నని గీతలు కనబడ్డాయి. పైకి గింజ నిక్షేపంగా ఉంది. మరలో పడితే మాత్రం సరిగ్గా ఆ గీత దగ్గరే రెండు ముక్కలవుతుంది. "యాసంగి వడ్లు గదరా, నూకే అయితది" అన్నాడు పెద్దబాపు, ఇందులో చూసేదేముంది అన్నట్టు.

ఎండలు ముదిరితే తిండికి ఏమవుతుందంటే మనం వెంటనే ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు తగ్గుతాయని లెక్కేస్తాం. కాంటా మీద తూకం తగ్గకుండానే గింజ లోపల జరిగే నష్టం ఆ లెక్కకు అందదు.

నష్టం మొదలయ్యేది గింజ పాలు పోసుకునే రోజుల్లో. ఆ సమయంలో రాత్రీ పగలూ కలిపి సగటు వేడి 26, 27 డిగ్రీలు దాటితే బియ్యపు గింజలో తెల్లటి సుద్ద మచ్చలు ఏర్పడతాయని జపాన్ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. మన దగ్గర యాసంగి వరి పాలు పోసుకునేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. వేడికి గింజ తొందరపడుతుంది. నిదానంగా నిండాల్సిన పిండి గబగబా నిండి, మధ్యలో గాలి సందులు మిగిలిపోతాయి. ఐసుగడ్డ అద్దంలా కనిపిస్తుంది, అదే ఐసును గోలా కోసం చెక్కితే తెల్లగా మారుతుంది కదా. సుద్ద మచ్చ తెలుపు కూడా అలాంటిదే, లోపలి గాలి సందుల వల్ల వచ్చేది. ఆ చోట గింజకు బలం ఉండదు.

రాత్రి వేడిది ఇంకో కథ. మొక్క పగలు చేసుకున్న చక్కెరలో కొంత రాత్రి ఊపిరికే ఖర్చు చేస్తుంది, రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో అచ్చయ్యాయి. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిన చోట దిగుబడి దాదాపు 10 శాతం తగ్గినట్టు వాటిలో కనిపించింది.

ఇక ఆ గీతల సంగతి. బాగా ఎండిన గింజ మీద అకాల వర్షం పడిందనుకోండి. పైపొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, లోపలి భాగం ఇంకా పొడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు గింజ నడుమ పగులుతుంది. అందుకే కల్లంలో తడిసిన వడ్లను మళ్లీ ఎండబెడితే తేమ పోతుంది కానీ పగులు పోదు. తేమ 17 శాతంలోపు ఉందని కొనుగోలు కేంద్రంలో మిషన్ చూపిస్తుంది, పగులు గురించి అది ఏమీ చెప్పదు.

కేంద్రం తరఫున బియ్యం తీసుకునే ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) లెక్క ప్రకారం మిల్లులు వంద కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం (ఆవిరి పట్టకుండా ఆడించినవి) ఇవ్వాలి, అందులో నూక 25 శాతం మించకూడదు. యాసంగి వడ్లతో ఆ లెక్క కుదరడం కష్టం. నూక కూడా తిండే, మా ఇంట్లో నూకల ఉప్మాకు పోటీ పడతాం. కానీ మార్కెట్లో దాని ధర వేరు.

దీనికి మిల్లులు కనిపెట్టుకున్న దారి ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరి పడితే లోపలి పిండి మెత్తబడి జిగురులా అతుక్కుంటుంది, పగుళ్లు పూడుకుపోతాయి. ఆరాక గింజ గట్టిగా ఉంటుంది, నూక తక్కువ. చిక్కేమిటంటే తెలంగాణలో ఉప్పుడు బియ్యం తినేవాళ్లు తక్కువ. దాన్ని కేంద్రం కొనాలా వద్దా అన్న గొడవ 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా దాకా పోయింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. సన్నగింజ, అదీ పచ్చి బియ్యంగా అంటే మరలో విరిగే భయం ఇంకా ఎక్కువ.

మరి ఏం చేయాలి? నా మటుకు కొత్త మిషన్ల కంటే తేదీ మార్చుకోవడమే ముఖ్యం అనిపిస్తుంది. మార్చి ఆఖరుకు కోత అయిపోతే గింజ నిండే రోజులు మండుటెండల్లో పడవు, అకాల వానల ముప్పూ కొంత తగ్గుతుంది. అలా జరగాలంటే నారు ముందే పోయాలి. అప్పుడు చలి అడ్డొస్తుంది. డిసెంబరు చలికి నారు ఎదగక పసుపు రంగుకు మారుతుంది, రాత్రిపూట పైన కవరు కప్పి కాపాడుకోవాలి. నాటు లేకుండా నేరుగా విత్తితే పంట వారం, పది రోజులు ముందు చేతికొస్తుంది కానీ కలుపు బాధ పెరుగుతుంది. వరంగల్, జగిత్యాల దగ్గరి పొలాస, కూనారం పరిశోధనా స్థానాలు ఇచ్చిన సన్నరకాలు ఉన్నాయి. వాటిలో తక్కువ రోజులకు కోతకొచ్చేవి ఇక్కడ పనికొస్తాయి.

ఇవన్నీ పెద్దబాపుకు వివరంగా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, వడ్ల మీద కప్పిన పట్టా అంచు మీద రాయి పెట్టాడు.

"కార్తీకంలనే నారు పోస్త గని, ఎస్సారెస్పీ కాలువల నీళ్లు ఎప్పుడు ఇడుస్తరో అది చెప్పు ముందుగాల."