సెప్టిక్ ట్యాంక్ దాకా వచ్చిన దారి

విశాఖలో చాలా పేటల్లో గోడల మీద సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ అంటూ ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. భూగర్భ డ్రైనేజీ నగరమంతా లేదు కాబట్టి ఆ నంబర్లతో అందరికీ పనే. ఫోన్ చేస్తే ట్యాంకరు వస్తుంది, మూత తీసి పైపు దించుతారు, మోటారు లాగినంత లాగుతుంది. అడుగున గట్టిపడిన మడ్డి మాత్రం పైపుకి అందదు. అప్పుడు మనిషిని దిగమంటారు. ప్రాణాలు పోయేది అక్కడే. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, మోతాదు మించితే ముక్కుకి ఆ వాసనే తెలియదు. దిగినవాడు కూలిపోతాడు. కాపాడదామని వెనకే దిగినవాడూ అంతే.

ఈ పని మనిషి నెత్తిన పడటానికి వెనక పెద్ద చరిత్రే ఉంది.

మొహెంజొదారోలో సుమారు 4,500 ఏళ్ల కిందటే ఇళ్లలో మరుగుదొడ్లు, వీధుల్లో ఇటుకలు కప్పిన కాలువలు ఉన్నాయి. ఎడో కాలపు (1603–1868) జపాన్‌లో మలానికి ధర పలికేది. రైతులు ఎరువు కోసం కొనుక్కుపోయేవారు, అద్దెవాళ్ల మలం మీద వచ్చే డబ్బు ఇంటి యజమానికి చెందేది. ఇంగ్లండ్‌లో 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ వంపు పైపు ఉన్న ఫ్లష్ మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ వంపులో నిలిచే కాసిని నీళ్లే ఇవాళ్టికీ మన బాత్రూముల్లోకి కంపు రానివ్వడం లేదు. అయితే ఫ్లష్‌లు పెరిగేకొద్దీ లండన్ మురికి థేమ్స్‌లో పడింది. 1858 ఎండలకి ఆ కంపు నది ఒడ్డునే ఉన్న పార్లమెంటుకి తగిలాకే ఇంజనీరు జోసెఫ్ బజల్‌జెట్ ప్లాను వేసిన భూగర్భ కాలువలకి డబ్బు కదిలింది.

మన ఊళ్లలో డబ్బు అంత తొందరగా కదల్లేదు. కులం ఆ పనిని చవగ్గా చేయించిపెట్టింది కాబట్టే కదల్లేదని నా అభిప్రాయం. పాత ఇళ్లలో పెరటి చివర పాకీదొడ్డి, దానికి వెనకసందు వైపు చిన్న తలుపు ఉండేవి. ఆ తలుపులోంచి రేకుతో మలం తీసి, తట్టకెత్తి, నెత్తిన పెట్టుకుని పోయింది ఎక్కువగా దళిత స్త్రీలే. వానాకాలంలో తట్ట కారి మొహం మీద పడేది. ఆ మనిషి వీధి గుమ్మం ఎక్కకూడదు, మంచినీళ్లు కూడా పైనుంచి దోసిట్లో పోసేవారు. ఆనాటి ఆచారం అని దీన్ని సర్దిచెప్పడానికి వీల్లేదు, అది దుర్మార్గం.

ఈ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చినా పాకీదొడ్లు వాటంతట అవి పోలేదు. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నడిపిన పారిశుధ్య కార్మికుల ఉద్యమం సఫాయి కర్మచారి ఆందోళన్ వాటిని వెతికి మరీ కూల్చింది, కోర్టుల దాకా వెళ్లింది. పారిశుధ్య కార్మికులు మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పనిలో పెట్టుకున్నది కాంట్రాక్టరైనా, మునిసిపాలిటీ అయినా, ఇంటి యజమాని అయినా అదే లెక్క.