పాత స్టేషన్ వ్యాగన్ వైరింగ్: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో ఇరవై రెండేళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పోయిన వేసవి నుంచి ఆదివారాలన్నీ కంటోన్మెంట్ వైపు ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటి షెడ్డులోనే గడుస్తున్నాయి. అక్కడ ఒక స్టాండర్డ్ కంపానియన్ ఉంది. ఇప్పటి పిల్లలకి ఆ పేరు తెలియదు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి హెరాల్డ్ కారు తయారు చేశారు. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది అదే. ఆ కారుకి వెనక భాగం పెంచి, ఐదో తలుపు పెట్టి చేసిన స్టేషన్ వ్యాగన్ ఈ కంపానియన్. మాస్టారి నాన్నగారు కొన్నది, ఆర్సీలో 1970 అని ఉంది. భోగాపురం దగ్గర వాళ్ళ మామిడితోట షెడ్డులో పదిహేనేళ్ళు కదలకుండా పడి ఉంది.

మొదటి ఆదివారం డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేశాను. కంపెనీ వైరు, దానికి అతికిన ఇంటి వైరు, దానికి అతికిన టెలిఫోన్ వైరు, అన్నిటి మీదా జిగురు కారిపోయిన నల్ల టేపు. ఇలాంటి కారు పని మొదలుపెట్టామంటే చాలు, వీధిలో పోయే ప్రతి ఒక్కరూ ఆగి ఒక సలహా ఇస్తారు. ప్రేమతోనే ఇస్తారు. కానీ వాటిలో కొన్ని కారుని తగలబెట్టే సలహాలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పాత వైరింగ్ కదా, ఎప్పుడో ఒకప్పుడు కాలిపోతుంది.

నేను చూసిన పొగల్లో ఎక్కువ భాగానికి కారణం వైరు వయసు కాదు. తర్వాత వేసిన అతుకులు, లేదంటే సరిగా లేని ఎర్త్, అంటే కరెంటు బాడీ లోహం మీదుగా బ్యాటరీకి తిరిగి చేరే దారి.

మాస్టారి కారు తోటలో పడిపోయిన కారణమే వినండి. అప్పట్లో ఇంజన్ పనికి ఇచ్చారట. తెచ్చుకున్నాక సెల్ఫ్ కొడితే ఇంజన్ బద్ధకంగా తిరిగి ఆగిపోయింది, డాష్‌బోర్డు దగ్గర పొగ వచ్చింది. "ఏటి మాస్టారూ, వైరింగ్ మొత్తం పోయింది, ఇంక ఈ బండి ఒగ్గేయండి" అన్నారట చూసినవాళ్ళు. ఆయన భయపడి తోటకి లాగించేశారు. నేను బానెట్ ఎత్తి చూసిన మొదటి వస్తువు చోక్ కేబుల్, డాష్‌బోర్డు నుంచి ఇంజన్ మీది కార్బురేటర్ దాకా పోయే లోహపు తీగ. దాని పైతొడుగు మాడి నల్లగా అయిపోయింది. రెండోది, ఇంజన్ నుంచి ఛాసిస్‌కి (కారు అడుగు చట్రానికి) ఉండాల్సిన అల్లిక ఎర్త్ పట్టీ అసలు లేదు. ఇంజన్ దింపినప్పుడు విప్పారు, తిరిగి బిగించలేదు.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది, ఆ కరెంటు ఏదో ఒక దారిలో బ్యాటరీకి తిరిగి చేరాలి. పట్టీ లేకపోతే దొరికిన దారి పట్టుకుంటుంది. ఇక్కడ దొరికింది సన్నటి చోక్ కేబుల్. అది హీటర్ కాయిల్‌లా ఎర్రబడింది. మూరెడు పట్టీ, రెండు బోల్టులు లేకపోవడం వల్ల ఒక మంచి కారు పదిహేనేళ్ళు తోట షెడ్డులో ఉండిపోయింది. ఆ మాట చెప్పినప్పుడు మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హెరాల్డ్ కుటుంబం కార్లలో ఎర్త్ గురించి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ కూడా ముక్కలు ముక్కలుగా బోల్టులతో కలిపినదే. ప్రతి అతుకు దగ్గరా తుప్పు చేరుతుంది, పెయింటు అడ్డం వస్తుంది. కొత్తగా పెయింటు వేయించిన కారులో లైట్లు అంతకుముందు కంటే మందంగా వెలగడం మీరు చూసే ఉంటారు. లోపం కొత్త పెయింటుది. బోల్టు కింద మెరిసే లోహం కనబడేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాసెలిన్ రాయాలి. నేనైతే వెనక లైట్లకి బాడీని నమ్మను, బ్యాటరీ దాకా విడిగా నల్ల వైరు లాగుతాను.

పరీక్ష సులువు. లైటు వేసి ఉంచి, మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది బల్బు హోల్డర్ బాడీ మీద పెట్టండి. 0.1 వోల్టు, మహా అయితే 0.2 చూపించాలి. అంతకు మించితే తప్పు ఎర్త్‌లోనే ఉంది. ఈ కారులో వెనక కుడి లైటు దగ్గర 3.4 చూపించింది.

అపోహ: 230 వోల్టులు మోసే ఇంటి వైరుకి 12 వోల్టులు ఒక లెక్కా?

చదువుకున్నవాళ్ళు కూడా అడిగే ప్రశ్న ఇది. వైరుని వేడి చేసేది వోల్టేజి కాదు, కరెంటు. ఇంట్లో 60 వాట్ల బల్బు తీసుకునేది పావు ఆంపియరు. అదే 60 వాట్లు కారులో 12 వోల్టుల మీద వెలగాలంటే 5 ఆంపియర్లు కావాలి, ఇరవై రెట్లు. రెండు హెడ్‌లైట్లు బ్రైట్ మీద ఉంటే 10.

లైటు దాకా పోయే వైరు 4 మీటర్లు, లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు అనుకోండి. 10 ఆంపియర్లు పోతుంటే ఆ వైరులోనే 0.7 వోల్టు తగ్గిపోతుంది. స్విచ్చి, కనెక్టర్లు, ఎర్త్ కలిస్తే ఒకటిన్నర దాకా పోయినా ఆశ్చర్యం లేదు. బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. రాత్రి గజపతినగరం నుంచి వస్తూ, ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆ 30 శాతం విలువ తెలుస్తుంది. నేను హెడ్‌లైట్లకి 2 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు వేసి, మధ్యలో రిలే పెడతాను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. అప్పుడు యాభై ఏళ్ళ నాటి డిప్పర్ స్విచ్చి మీద కూడా భారం పడదు.

ఇంకొకటి, పైతొడుగు. మామూలు ఇంటి వైరు పీవీసీ 70 డిగ్రీల వేడికి చేసినది. మంచి ఆటో వైరు 105 డిగ్రీలు తట్టుకుంటుంది, నూనె తగిలినా ఉబ్బదు. ఇంజన్ పక్కన పోయే వైరుకి ఆ తేడా చాలా పెద్దది.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేసేస్తే సరి.

సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టిన ఫ్యూజులు నేను ఎన్ని తీశానో లెక్క లేదు. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. పెద్దది వేస్తే కాలేది ఫ్యూజు బదులు వైరు.

ఇందులో అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడే విషయం ఒకటుంది. పాత బ్రిటిష్ కార్లలో గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది తెగిపోయే కరెంటు. అది నిలకడగా మోయగలిగేది 17 మాత్రమే. ఇప్పటి బ్లేడు ఫ్యూజు మీద రాసేది నిలకడగా మోసే కరెంటు. 35 గాజు ఫ్యూజు తీసి 35 బ్లేడు పెడితే రక్షణ సగానికి పడిపోయినట్టే. అక్కడ 15 చాలు, లేదంటే 20.

ఆ తరం కార్లలో రెండు ఫ్యూజులుంటే గొప్ప, కొన్నిటిలో అసలు లేవు. హెడ్‌లైట్లకైతే మామూలుగా ఉండవు. మేం ఎనిమిది ఫ్యూజుల చిన్న పెట్టె ఒకటి డాష్‌బోర్డు వెనక కనబడకుండా పెట్టాం.

అపోహ: పాత వైరింగ్ మొత్తం కోసి పారేసి కొత్తగా మొదలుపెట్టాలి.

దయచేసి కొయ్యకండి. ఆ పాత కట్ట మీ దగ్గరున్న ఏకైక మ్యాపు. కొత్త వైరు వేయాల్సిందే, కాదనను. కానీ పాతదాన్ని కొమ్మలు విరగకుండా చెట్టుని పెకలించినట్టు మొత్తంగా బయటికి తీయాలి. ప్రతి కొసకీ చీటీ కట్టి, ప్లైవుడ్ పలక మీద పరిచి మేకులతో నిలబెట్టి, దాని పక్కనే కొత్తది అల్లుకోవాలి. మాస్టారు చీటీలన్నీ తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు. ఆ పలక ఇప్పటికీ షెడ్డు గోడకి ఆనించి ఉంది.

పాత బ్రిటిష్ కార్లకి ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ వైరు రంగులు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు, దానికి ఫ్యూజు ఉండదు. తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజు లైను. ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లు. నీలం హెడ్‌లైట్లు: మీద తెల్ల గీత ఉంటే బ్రైట్, ఎర్ర గీత ఉంటే డిమ్. నలుపు ఎర్త్. దొరికిన రంగు దొరికినట్టు వేసేస్తే, ఇంకో ఇరవై ఏళ్ళకి ఈ కారు విప్పే కుర్రాడు ఏడుస్తాడు. గీతల వైరు దొరకనప్పుడు రంగు స్లీవు తొడిగినా పనికొస్తుంది.

వైరు పైకి బాగుంటే లోపల బాగున్నట్టు కాదు, అదీ గుర్తుంచుకోండి. హెరాల్డ్‌లో రెక్కలతో సహా బానెట్ మొత్తం ముందుకు వంగుతుంది. హెడ్‌లైట్లు దానికే ఉంటాయి. అంటే ఎత్తిన ప్రతిసారీ వైర్లు ఒకే చోట మడత పడతాయి. ఆ చోట రెండు వేళ్ళతో నొక్కి చూస్తే ఒక వైరు ఉడికిన సేమ్యాలా మెత్తగా తగిలింది. తొడుగు చీలిస్తే లోపల ఒక్క పోగు కూడా కలిసి లేదు, అంతా పచ్చటి పొడి. ఏ స్టేషన్ వ్యాగన్‌లో అయినా వెనక డోరులోకి పోయే వైర్లని కీళ్ళ దగ్గర ఇలాగే నొక్కి చూడండి.

అపోహ: టంకం వేస్తే అతుకు జీవితాంతం ఉంటుంది.

రేడియోలో ఉంటుంది. కదిలే బండిలో కరిగిన టంకం పోగుల మధ్యకి పాకి వైరుని పుల్లలా గట్టిపరుస్తుంది. టంకం ఆగిన చోట, గట్టికీ మెత్తకీ మధ్య, అదురుకి విరుగుతుంది. సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కిన లగ్గు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్క), పైన వేడికి బిగుసుకునే స్లీవు మేలు. కటింగ్ ప్లేయరుతో నొక్కేది క్రింపింగ్ కాదు. నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడి వస్తే ఇప్పుడే రావాలి.

అపోహ: బ్యాటరీ నెగటివ్ ఎప్పుడూ బాడీకే.

పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ బాడీకి ఉంటుంది. ఇదీ అలాంటిదే. ఎప్పుడో ఒక బ్యాటరీ షాపులో అలవాటు కొద్దీ తిరగేసి బిగించారు. బల్బులకి, సెల్ఫ్‌కి ఏమీ కాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో మాత్రం పాత దిక్కులోనే కరెంటు పుట్టించింది, దాన్ని బ్యాటరీకి కలిపే కటౌట్ పాయింట్లు కలిసిన క్షణాన రెండూ ఎదురెదురై పాయింట్లు మాడిపోయాయి.

పాజిటివ్ ఎర్త్ లోపం కాదు, అలాగే ఉంచుకోవచ్చు. మార్చాలనుకుంటే పద్ధతి ఉంది. డైనమో మీది రెండు వైర్లూ విప్పి, బ్యాటరీ లైవ్ (బాడీకి కలపని కొస) నుంచి వచ్చే వైరుని చిన్న టెర్మినల్‌కి, అంటే ఫీల్డుకి, రెండు మూడు సార్లు తాకించాలి. అప్పుడు డైనమో కొత్త దిక్కు పట్టుకుంటుంది. ఆమ్మీటరు వైర్లు, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చాలి. ఎల్‌ఈడీలు, రేడియో, ఆల్టర్నేటర్ పెట్టాలంటే మార్చక తప్పదు. ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెడితే పాత ఫ్లాషర్ కొట్టదు, అది రెండు 21 వాట్ల బల్బుల కరెంటు వేడికి పనిచేసే వస్తువు.

డైనమో బదులు పెట్టే ఆల్టర్నేటర్ గురించి ఒక్క మాట. పాత డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టూ. 45 ఇచ్చే ఆల్టర్నేటర్ బిగించి పాత గోధుమరంగు వైరునే ఉంచేస్తే, ఆ వైరే ఫ్యూజు అవుతుంది.

అపోహ: తుప్పు మీద పుట్టీ పెట్టి రెడాక్సైడ్ (ఎర్ర ప్రైమరు) కొడితే చాలు.

భోగాపురం ఉప్పుగాలి తిన్న రేకుకి చాలదు. పుట్టీ వెనక నుంచి తేమ పీల్చుకుంటుంది, రెడాక్సైడ్ కూడా పైన పెయింటు లేకుండా వదిలేస్తే నీరు లాగుతుంది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పాలి. వ్యాగన్లలో డోర్ల అడుగున నీరు పోయే రంధ్రాలు ముఖ్యం. మాస్టారి కారు వెనక డోరు అడుగులో పిడికెడు మామిడాకుల పొడి బురదై గడ్డకట్టింది. పుల్లతో పొడిస్తే తుప్పు నీళ్ళు కారాయి.

అపోహ: పదిహేనేళ్ళు దాటిన కారు తుక్కుకే.

ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనలు విని మనవాళ్ళు భయపడుతున్నారు. మన దగ్గర సొంత కారుకి ఫిట్‌నెస్ ఉంటే ఆర్సీని ఐదేసి సంవత్సరాలు పొడిగించుకోవచ్చు. 50 ఏళ్ళు దాటిన వాటికి 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, నంబరులో వీఏ అక్షరాలు. రోజువారీ తిరుగుడుకి, వ్యాపారానికి వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మన జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అంతకుముందు విజయనగరం ఊరు విశాఖ జిల్లాలో భాగం, కాబట్టి పాత కారు కాగితాల కోసం విశాఖలో వాకబు చేయాల్సి రావచ్చు.

అపోహ: అంతా అయ్యాక బ్యాటరీ తగిలించి చూద్దాం, కాలితే అప్పుడు చూసుకోవచ్చు.

దీనికి ఐదు నిమిషాల ఉపాయం ఉంది. బ్యాటరీకీ కారుకీ మధ్య ఒక 21 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టండి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, అంతే. రెండు ఆంపియర్లు కూడా పోవు, పొగ రాదు.

సిరిమానోత్సవానికి ముందు ఆదివారం అలాగే తగిలించాం. దసరా తర్వాతి మంగళవారం, ఆ ఉత్సవం రోజుకి, కారు గుమ్మం దాటాలని మాస్టారి కోరిక. స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉన్నాయి, తాళం కూడా తిప్పలేదు. అయినా బల్బు భగ్గున వెలిగింది. ఆయన ముఖం పాలిపోయింది. "మళ్ళీ పాత కథేనా బాబూ?" అన్నారు. "బల్బు వెలిగింది కాబట్టే బతికాం మాస్టారూ" అన్నాను. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే ఐదోది, లోపలి రూఫ్ లైటు లైను, తీయగానే ఆరిపోయింది. ఆ వైరు పట్టుకుని వెనక్కి పోతే, వెనక కిటికీ కింద కొత్త అట్ట బిగించిన స్క్రూ ఒకటి సూటిగా వైరులోంచి దిగి ఉంది. ఆ స్క్రూ నేను బిగించినదే. తీసి, వైరు మార్చి, అంగుళం పక్కకి రంధ్రం వేశాను. మళ్ళీ తగిలిస్తే బల్బు వెలగలేదు. అప్పుడు మాస్టారే డ్రైవర్ సీట్లో కూర్చుని పార్కింగ్ లైటు స్విచ్చి వేశారు. బల్బు కొద్దిగా ఎర్రబడింది, కారు నాలుగు మూలలా నాలుగు లైట్లు మసగ్గా వెలిగాయి. అప్పుడు సిరీస్ బల్బు తీసేశాను.