కొండ ఇనుము, రాతి తలుపు

ప్రియమైన పిల్లలకు,

పోయిన సెలవుల్లో అట్లాసు ముందేసుకుని కూర్చున్నప్పుడు మీలో చిన్నది అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. టర్కీ పటంలో గోధుమరంగు పులిమిన చోట వేలు పెట్టి, "తాతయ్యా, ఇంత ఎత్తున వరి పండదు, సముద్రం లేదు. ఇక్కడివాళ్ళు ఏం చేసి బతుకుతారు?" అంది. "గొర్రెలు కాసుకుంటారమ్మా" అని చెప్పి తప్పించుకున్నాను. అంత సోమరి జవాబు ఇచ్చినందుకు ఆ రాత్రి నాకే సిగ్గేసింది. అందుకే ఈ ఉత్తరం. గోధుమరంగంతా చెప్పడం నా తరం కాదు కనుక అందులో ఒక్క ఊరిని ఎంచుకున్నాను. దాని పేరు దివ్రీ.

ముందు పేరు సంగతి. టర్కీ వాళ్ళ రాతలో ఈ పేరు చివర, ఆఖరి అచ్చుకు ముందు, 'జి' అక్షరం నెత్తిన చిన్న గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న అక్షరాన్ని పలకరు, ముందున్న అచ్చును కాస్త సాగదీస్తారు. అది తెలియక నేను చాలాకాలం 'దివ్రిగి' అనే చదువుకున్నాను. మీరు ఆ తప్పు చేయకండి.

టర్కీలో మన జిల్లా లాంటిదాన్ని 'ఇల్' అంటారు. దానికింద, మన మండలం కన్నా పెద్దగా ఉండేది 'ఇల్చే'. సివాస్ అనే ఇల్‌లో దివ్రీ ఒక ఇల్చే. పట్నమొకటి, చుట్టూ వందకు పైగా పల్లెలు. పట్నమే సముద్ర మట్టానికి 1,200 మీటర్ల పైన ఉంది, చుట్టూ ఉన్న కొండలు అంతకన్నా ఎంతో ఎత్తు. శీతాకాలం మంచు, ఎండాకాలం పొడి గాలి. చెట్లు కొండల మీద కనిపించవు, ఏరు పారే లోయలోనే కనిపిస్తాయి. ఆ ఏటి పేరు చాల్తి. అది వెళ్ళి యూఫ్రటీస్ పైపాయ అయిన కరాసులో కలుస్తుంది. అంటే దివ్రీ కొండల మీద కురిసిన మంచు కరిగి సిరియా, ఇరాక్ దాటి పర్షియన్ గల్ఫ్ వైపు పోతుంది. అదే సివాస్‌లో మరోచోట పుట్టే కిజిల్ ఇర్మాక్ నది పడమరకు వెళ్ళి, పెద్ద వంపు తిరిగి నల్ల సముద్రంలో పడుతుంది. ఒకే ఇల్‌లో పడిన రెండు మంచు రేకులు రెండు వేర్వేరు సముద్రాల పాలవుతాయన్నమాట. అట్లాసులో రెండు నదుల మీదా వేలు కదుపుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఇలాంటి చోట కోట కట్టుకుంటే శత్రువు ఎక్కి రావడం కష్టం. తొమ్మిదో శతాబ్దంలో పౌలికియన్లనే క్రైస్తవులు అందుకే ఇక్కడికి వచ్చారు. శిలువను, పటాలను పూజించడం వాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో కాన్‌స్టాంటినోపుల్‌లోని బైజాంటిన్ (తూర్పు రోమన్) ప్రభుత్వం వాళ్ళను మతద్రోహులని వెంటాడింది. వాళ్ళ నాయకుడు కర్బెయాస్ సరిహద్దు దాటి, అవతల మలత్యాను ఏలే ముస్లిం అమీరు అండతో ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నాడు. అప్పుడు ఊరి పేరు తెఫ్రికే. అతని తరువాత వచ్చిన క్రిసోకెయిర్ ఇక్కడి నుంచి బయలుదేరి ఏజియన్ తీరాన ఉన్న ఎఫెసస్ దాకా దాడి చేశాడు. అంత దూరం కొట్టినవాణ్ణి చక్రవర్తి ఊరికే వదులుతాడా? 870ల్లోనే అతనూ పోయాడు, అతని కోటా పడింది.

ఇక నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటికి వచ్చాను. 1071లో మాన్జికెర్ట్ యుద్ధంలో బైజాంటిన్లు ఓడాక టర్కులు ఈ పీఠభూమిలోకి వచ్చారు. దివ్రీ మెంగుజెక్ అనే చిన్న వంశం చేతికి చిక్కింది. చిన్న వంశమని ఊరికే అనడం లేదు. పైన సెల్జుక్ అనే పెద్ద టర్కు వంశపు సుల్తాను ఉన్నాడు, వీళ్ళు ఆయన సామంతులు. ఆ సామంతుల్లో అహ్మద్ షా అనే ఆయన 1228లో ఇక్కడ ఒక పెద్ద మసీదు మొదలుపెట్టించాడు. ఆ మసీదు గోడకు ఆనించి, అదే కాలంలో, తురాన్ మెలెక్ అనే రాణి ఒక ఆసుపత్రి కట్టించింది. మసీదూ ఆసుపత్రీ ఒకే కట్టడం, రెంటికీ నడుమ గోడ ఒకటే. ప్రధాన శిల్పి హుర్రెమ్‌షా, వాన్ సరస్సు ఒడ్డున ఉన్న అహ్లాత్ వాసి.

లోపల కన్నా బయట చూడాల్సినవి దాని ద్వారాలు. ఉత్తర ద్వారం చుట్టూ రాయి పువ్వులై, ఆకులై, చక్రాలై గోడ మీది నుంచి మన మీదికి పొంగి వచ్చినట్టు ఉంటుంది. కొన్ని ఆకులు గోడకు అంటీ అంటనట్టు గాలిలో వేలాడుతున్నట్టు చెక్కారు. పడమటి ద్వారం దీనికి పూర్తిగా వేరు. అక్కడ రాయిని నేతవాడు నేసినట్టు సన్నగా చెక్కారు. అందుకే దాన్ని బట్ట ద్వారం అంటారు. దాని పక్కన రెండు తలల పక్షి ఉంది. మన గుళ్ళలో గండభేరుండం చూశారు కదా, అదే గుర్తొస్తుంది. అక్కడ అది సుల్తాను అధికారానికి చిహ్నమంటారు. ఇన్ని వేల చెక్కడాల్లో ఏ రెండూ ఒకలా ఉండవని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నేను లెక్కపెట్టలేదు, ఫొటోల్లో చూసినంతలో ఆ మాట కాదనే ధైర్యం కూడా లేదు.

ఎండాకాలం మధ్యాహ్నం పొద్దు వాలుతుంటే పడమటి ద్వారం మీద నీడ పడి, నమాజు చేస్తూ నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది. శిల్పి కావాలనే అలా చెక్కాడని చాలామంది నమ్మకం. నాకైతే ఎనిమిది వందల ఏళ్ళ తరువాత మన కళ్ళే ఆ మనిషిని వెతుక్కుని పట్టుకున్నాయని అనిపిస్తుంది. మీరు ఫొటో చూసి నాతో వాదించండి.

ఆసుపత్రి నడిమధ్య ఒక నీటి తొట్టి ఉంది, పైకప్పులో వెలుగు పడే రంధ్రం ఉంది. ఆ నీటి చప్పుడు వినిపించి మనసు చెదిరినవాళ్ళకు చికిత్స చేసేవారని ప్రతీతి. ఈ కట్టడాన్ని 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టర్కీ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి వాటిలో ఇదొకటి. మరమ్మతుల కోసం ఏళ్ళ తరబడి మూసి ఉంచి, 2024లో మళ్ళీ తెరిచారు.

తరువాత ఊరు ఈజిప్టు నేలిన మామ్లూకుల ఏలుబడిలో ఉండి, 1516లో ఒట్టోమన్ల చేతికి వచ్చింది. ఇక్కడ ఆర్మీనియన్లు కూడా తరతరాలుగా ఉండేవారు. 1915లో సామ్రాజ్యమంతటా ఆర్మీనియన్లను ఇళ్ళ నుంచి తరిమినప్పుడు దివ్రీ ఆర్మీనియన్లనూ తరిమారు. దారిలో చనిపోయినవారు చనిపోగా మిగిలినవారు చెదిరిపోయారు. దీని గురించి మీరు పెద్దయ్యాక ఇంకా చదువుతారు. ఊరి చరిత్ర చెబుతూ ఈ మాట దాటేయడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు చిన్నదాని ప్రశ్నకు వద్దాం. ఏం చేసి బతుకుతారు? గోధుమ, బార్లీ, గొర్రెలు, తేనె, లోయలో మల్బరీ పళ్ళు. నా సోమరి జవాబు పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ అసలు జవాబు కొండలో ఉంది. 1930ల చివర్లో ఇక్కడ మంచి ఇనుప ఖనిజం ఉందని ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. అది మాగ్నెటైట్, అంటే అయస్కాంతం పట్టుకునే ఖనిజం. సరిగ్గా అప్పుడే, 1937లో, సివాస్ నుంచి ఎర్జురుమ్ వైపు వేస్తున్న రైలు మార్గం దివ్రీకి చేరింది. ఖనిజం ఉన్నా రైలు లేకపోతే అది ఉత్త కొండే.

ఆ ఖనిజం ఎక్కడికి పోయేదో తెలుసా? వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కరబుక్ ఉక్కు కర్మాగారానికి. దానికి 1937లోనే పునాది రాయి వేశారు, 1939లో పని మొదలైంది. కర్మాగారాన్ని ఖనిజం దగ్గర కట్టకుండా అక్కడ ఎందుకు కట్టారంటే, బొగ్గు నల్ల సముద్రపు తీరాన జొంగుల్దాక్‌లో ఉంది, కరబుక్ దానికి దగ్గర. పైగా ఊరు సముద్రానికి కాస్త లోపలగా ఉంది కనుక శత్రు నౌకల ఫిరంగులకు అందదు. తరువాత మధ్యధరా తీరాన ఇస్కెందెరున్‌లో ఇంకో కర్మాగారం వచ్చింది.

నాకీ కథ ఎందుకింత నచ్చిందో మీకు తెలుసు. కొత్తవలస–కిరండూల్ లైన్లో గూడ్సు బండి చివర బ్రేకువ్యానులో కూర్చుని బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ దాకా దింపుకొచ్చిన గార్డును నేను. మా ఖనిజం ఎర్రటిది, దాని దుమ్ము చొక్కాకు పడితే మీ నానమ్మ ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. దివ్రీది నల్లటిది. అక్కడి గార్డు చొక్కా సంగతి ఏమిటా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను.

1980ల నుంచి దివ్రీలో ఖనిజాన్ని ఉన్నదున్నట్టు పంపడం తగ్గి, పెల్లెట్లు చేయడం మొదలైంది. రాతిని పిండిగా నూరుతారు. అయస్కాంతాలతో ఇనుప పిండిని వేరుచేస్తారు. దాన్ని కాస్త తడిపి, బంకమట్టి కలిపి, తిరిగే పళ్ళెంలో దొర్లిస్తే గోళీలంత ఉండలవుతాయి. వాటిని సుమారు 1,300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మీ అమ్మమ్మ సున్నుండలు చుట్టడమే, కాకపోతే కాల్చడం అదనం.

ఇదే ఊళ్ళో 1886లో నూరి దెమిరా అనే ఆయన పుట్టాడు. చిన్న బ్యాంకు ఉద్యోగంతో మొదలుపెట్టి, సిగరెట్టు కాగితం వ్యాపారం చేసి, రైలు మార్గాల కాంట్రాక్టరయ్యాడు. సమ్‌సున్ నుంచి సివాస్‌కు వచ్చే లైనుతో సహా వెయ్యి కిలోమీటర్లకు పైగా పట్టాలు వేయించాడు. 1934లో టర్కీలో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చినప్పుడు అధ్యక్షుడు అతాతుర్క్ ఆయనకు 'దెమిరా' అని పేరిచ్చారు. అంటే ఇనుప వల. ఆ తరువాత ఆయనకు విమానాల పిచ్చి పట్టింది. 1936లో ఇస్తాంబుల్‌లో విమానాల కర్మాగారం పెట్టాడు, పైలట్ల కోసం బడి పెట్టాడు. సొంత ఊరైన దివ్రీలో కూడా 'ఆకాశ బడి' తెరిచాడు. గొర్రెలు కాసుకునే కొండ మీద ఆకాశ బడి! 1938లో ఆయన విమానాన్ని దించుతూ అందులోని ఇంజనీరు ప్రమాదంలో చనిపోయాడు, ఆర్డర్లు రద్దయ్యాయి, కోర్టు కేసులు నడిచాయి. 1940ల్లో కర్మాగారం మూతపడింది. 1957లో ఆయన పోయాడు. ఇప్పుడు సివాస్ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. బతికుండగా ఆర్డర్లు ఇచ్చి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

రైలు ఒక్క ఖనిజాన్నే దింపలేదు, మనుషులనూ దింపింది. గనిలో అందరికీ పని దొరకదు, పొలాలు చిన్నవి. పల్లెల నుంచి కుర్రవాళ్ళు ఇస్తాంబుల్‌కు, అంకారాకు వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు ఇల్చే మొత్తం మీద ఉన్నది సుమారు 16 వేల మంది. వేసవిలో మాత్రం పాత ఇళ్ళ కిటికీలు తెరుచుకుంటాయి, పట్నాల్లో స్థిరపడ్డవాళ్ళు పిల్లలతో వస్తారు. అప్పుడు వండే పెద్ద వంట ఏమిటో చెప్పనా? పలావు. గొర్రె మాంసం, శనగలు, బాదం, ఎండుద్రాక్ష, సుగంధ దినుసులు వేసి చేసే 'అలాత్లి పలావు'. వరి పండని ఊరికి పేరు తెచ్చిన వంట అన్నమే.

అంకారా నుంచి కార్స్‌కు సుమారు 1,300 కిలోమీటర్లు, ఒక పగలూ ఒక రాత్రీ పైగా నడిచే తూర్పు ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ దివ్రీలో ఆగుతుంది. యాత్రికుల కోసం నడిపే బండి అయితే కొన్ని గంటలు నిలబడుతుంది, జనం దిగి ఆ తలుపులు చూసి వస్తారు. స్టేషన్లో అంతసేపు బండి ఆపితే వెనుక గూడ్సు బండ్ల పరిస్థితి ఏమిటని నా పాత బుర్ర అడుగుతూనే ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: పెద్దవాడు అడిగిన కంగాల్ కుక్కలది దివ్రీ కాదు, దాని పక్క ఇల్చే. తోడేళ్ళ నుంచి మందను కాపాడే కుక్కలవి, మన వీధిలో పెంచడం కుదరదు. మీ నాన్నను అడిగి లాభం లేదు.